బ్రిడ్జి కింది తీగ

యాంప్లిఫయర్ స్విచ్ వేయగానే గుయ్‌మని మోత మొదలైంది. ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినిపించే మోతలాంటిది. నిన్న మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చిన ఎలక్ట్రిక్ గిటారు చేసిన గోల అది. అలవాటు కొద్దీ అరచేయి తీగల మీద ఆనించాను. మంచి గిటారైతే చేయి తగలగానే ఆ మోత అణగిపోతుంది, పాలపొంగు మీద నీళ్లు చల్లినట్టు. ఇది అణగలేదు. ఇంకా గట్టిగా నొక్కినా లాభం లేకపోయింది. గిటారు తెచ్చినాయన బొంగులూరు దగ్గర కొత్త ఇళ్లలో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆత్రంగా నా ముఖంలోకి చూస్తున్నాడు. నా ధ్యాస మాత్రం ఆయన మీద లేదు. హయత్‌నగర్‌లోని నా రిపేరు గదిలో కూర్చున్నానన్న మాటే గానీ, ముక్కుకు మాత్రం ఎండకు ఆరుతున్న వార్నిష్ వాసన తగిలింది. ఇబ్రహీంపట్నం బస్‌డిపో దాటాక ఎడమ చేతి వైపు ఉండే రేకుల షెడ్డు వాసన అది. సత్తయ్య కాక షెడ్డు.

"ఏంది బిడ్డా, ఏమంటుంది గిది?" అనేవాడాయన, చెడిపోయిన వస్తువు ఏది ముందుకొచ్చినా. ఏమైందని అడిగినట్టు నేనెప్పుడూ వినలేదు. కాలిపోయిన మోటరైనా, తిరగని ఫ్యానైనా అది ఏదో చెప్పుకోవడానికి వచ్చిందన్నట్టు ఎదురుగా గొంతుక్కూర్చొని వినేవాడు.

ఆయన పని బోరు మోటర్ల వైండింగ్. కాలిన మోటరు విప్పి, లోపల మాడిపోయిన రాగితీగ తీసేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండకు పెట్టేవాడు. సాగర్ రోడ్డు పొడుగునా భూమికి రోజుకో ధర పలికిన రోజులవి. వరి మళ్లలో రంగు జెండాలు లేచాయి, గట్లు పోయి సరిహద్దు రాళ్లు వచ్చాయి. పొలం అమ్మిన రైతు బోరు మోటరు పీకి తెచ్చి, "ఉంచుకో సత్తన్నా, ఇంక దీంతోని పనేముంది" అని ఇచ్చిపోయేవాడు. ఆ పొలంలోనే ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాడు కొన్నాళ్లకు వచ్చి, పాత మోటరేదైనా ఉందా అని అడిగేవాడు. కాక అదే మోటరు ఇచ్చి, "నీళ్ల తొవ్వ దీనికి ఎర్కనే, ఫికర్ చెయ్యకు" అని పంపేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో ఉండేవాడు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి.

ఆ షెడ్డులో అందరి కళ్లూ పడేది లోపలి గోడ మీద. వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో వస్తువు. మాడిన రాగితీగ చుట్టలు, విరిగిన ఇంపెల్లర్, ఉబ్బిపోయిన కెపాసిటర్, తిరగేసి బిగించడం వల్ల అరిగిపోయిన బేరింగ్. కొత్తగా వచ్చినవాళ్లు అవి అమ్మకానికనుకునేవారు. ఒకసారి నా ముందే ఒకాయన, "ఆ బేరింగ్ ఎంతకిస్తవే?" అన్నాడు. కాక అటు చూడకుండానే, "గది అమ్మేది కాదు. నా తప్పు" అన్నాడు. తన చేతిలో చెడిపోయిన ప్రతి దానిలోంచీ ఒక ముక్క తెచ్చి అక్కడ తగిలించేవాడు. మనుషులు షీల్డులు, దండలు పడిన ఫొటోలు పెట్టుకునే చోట ఈయన తప్పులు పెట్టుకున్నాడు. పిచ్చాయన అనుకున్నాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, ఊళ్లో తెలివైనదాన్ని నేనొక్కదాన్నేనని నా నమ్మకం.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా బాపు చెరువులో చేపలు పట్టేవాడు. నేను డిగ్రీ చదువుకుంటూ, బస్‌స్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్లో పనిచేసేదాన్ని. అక్కడికి ప్రాజెక్టు కాగితాల కోసం వచ్చే ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయి ఒకతె, చదువైపోయి హాస్టల్ ఖాళీ చేస్తూ తన ఎలక్ట్రిక్ గిటారు నాకు అగ్గువకు ఇచ్చేసింది. తెరిచిన పుస్తకం ముందు, మూసిన తలుపు వెనక నాలుగేళ్లు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఫంక్షన్ హాళ్లలో వాయించే ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. ఆడపిల్ల పాట పాడితే ఎవరూ ఏమీ అనరు. మెడలో గిటారు వేసుకుంటే మాత్రం స్టేజీ దిగేలోపు పది ప్రశ్నలు. నిజంగా వాయిస్తున్నవా? ఆ గుండీ ఎందుకు? ఈ తీగ పేరేంది? నాకు తెలియదు అనే మాట కోసం అందరూ కాచుకొని కూర్చున్నారనిపించేది. అందుకే ఆ మాట నోట్లోంచి తీసేశాను. తెలిస్తే చెప్పేదాన్ని. తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

అలాంటి రోజుల్లో గిటారు మొరాయించింది. తీగలు వచ్చి చివరన ఆనుకునే ఇనుప పట్టీ ఒకటి గిటారు పొట్ట మీద ఉంటుంది, దాన్నే బ్రిడ్జి అంటారు. ఆ పట్టీ మీద తీగకొకటి చొప్పున ఆరు చిన్న దిమ్మెలు. గిటారుతో వచ్చిన బ్రిడ్జి పల్చటి రేకు. చెమటకు తుప్పు పట్టి, దిమ్మెల మరలు అరిగిపోయాయి. రెండు పాటలు కాగానే శ్రుతి దిగేది, మూడో పాటకు తీగ సరిగ్గా ఆ దిమ్మె దగ్గరే తెగేది. పెళ్లికొడుకు స్టేజీ ఎక్కుతుండగా రెండుసార్లు అలా జరిగింది. ఆర్కెస్ట్రా నడిపే భాస్కరన్న మంచివాడే గానీ, ఓపికకు ఒక హద్దు ఉంటుంది.

"చూడు స్వరూపా, గిటార్ కీబోర్డుల కూడ ఉంది. మీట ఒత్తితే వస్తది. తీగ తెగదు, శ్రుతి పోదు. ఆదివారం ధోతుల ఫంక్షన్ ఉంది, పెద్ద పార్టీ. ఆ రోజు గిట్ల మల్ల గిదే కత అయితే, గిటార్ ఇంటికాడ పెట్టి పాటలు పాడు" అన్నాడు.

పాడటం నాకు రాదని కాదు. ఆ గిటారు వేసుకున్నప్పుడే నేను నేనుగా ఉండేదాన్ని. ఆ వారమంతా అన్నం సయించలేదు. సిటీకి పోయి బరువైన ఉక్కు బ్రిడ్జి ఒకటి కొన్నాను. షాపులో వాళ్లే బిగిస్తారట గానీ నెలాఖరుకు రమ్మన్నారు. నాకు అంత టైము లేదు. శుక్రవారం పొద్దున ఇంట్లో కూర్చొని, బాపు స్క్రూడ్రైవర్‌తో పాత బ్రిడ్జి ఊడబీకి, చూడనైనా చూడకుండా మంచం కిందికి విసిరాను. కొత్తది పెట్టి చూస్తే నాలుగు మరల్లో రెండు పాత రంధ్రాలకు కుదిరాయి, రెండు నువ్వుగింజంత పక్కకు జరిగాయి. వడ్రంగులందరూ వెంచర్లలో తలుపులకు, కిటికీలకు పోయారు, రెండు రంధ్రాల కోసం ఎవరొస్తారు? సన్న పని తెలిసి, డ్రిల్లు మిషను ఉన్న మనిషి ఊళ్లో సత్తయ్య కాకే అన్నాడు బాపు.

కాక గిటారును రెండు చేతులా అందుకున్నాడు. పనసకాయ బరువు చూసినట్టు చూసి, తన పని బల్ల మీద బొంత పరిచి పడుకోబెట్టాడు. ముందు స్క్రూడ్రైవర్ దాని పొట్ట మీద నెమ్మదిగా తిప్పాడు. తీగల కింద ఉండే నల్లటి పెట్టె దగ్గరికి రాగానే స్క్రూడ్రైవర్ టక్కున అతుక్కుంది. ఆయన కళ్లు మెరిశాయి.

"అయస్కాంతం ఉందేందే లోపల! రాగితీగ కూడ ఉంటదా?"

"ఉంటది కాకా. వెంట్రుక కన్న సన్నగ ఉంటది."

"అయితే ఇది మన ఇంటి మనిషే. మోటరే గదా గిది! ఎన్ని చుట్లుంటయి బిడ్డా?"

నాకు తెలియదు. "ఐదు వేలు" అన్నాను.

"లెక్కపెట్టినవా?" అని నా వైపు చూసి, భుజాలు ఊపుతూ నవ్వి, మళ్లీ పనిలో పడ్డాడు.

కొత్త రంధ్రాలు ఇప్పుడే వేసెయ్యమని నేను తొందరపెట్టాను. ఆయన వినలేదు. పాత రంధ్రం పక్కనే ఇంకో రంధ్రం వేస్తే డ్రిల్లు జారి పాతదాంట్లోకే పోతుందట. మోటరు చుట్టినప్పుడు రాగితీగ బయటికి రాకుండా వెదురు పుల్లలు దోపుతారు. ఆ వెదురు పుల్లే ఒకటి చెక్కి, జిగురు రాసి, రెండు రంధ్రాల్లో బిగించి కొట్టాడు. ఆరేదాకా ఆగమన్నాడు. ఆ ఆగిన గంట నా జన్మలో నేను నేర్చుకున్న గంట. నా సంచిలో బాపు వల అల్లే నైలాన్ దారం ఉంటే తీసుకొని, గిటారు మెడ చివర నుంచి కొత్త బ్రిడ్జి దాకా లాగి పట్టాడు. ఆ దారాన్ని సగానికి మడిచి మళ్లీ మెడ చివర నుంచి పెట్టాడు. మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప గీతల్లో, మడత కొస సరిగ్గా రెండు చుక్కలున్న గీత మీద పడింది.

"సూడు, సగానికి సగం! తీగలు ఎక్కినంక గీ గీత కాడ నొక్కు. మల్ల ఇడువు. రెండూ ఒక్కటే స్వరం లెక్క ఇనవడాలె. ఒకటి కింద, ఒకటి మీద. గీ సగం లెక్క తప్పితే గిటార్ మొత్తం అబద్ధం చెప్తది. అందుకే బ్రిడ్జి ఏడ పెట్టాలెనో దారం చెప్పాలె, పాత రంధ్రం కాదు."

నాలుగేళ్లు వాయించాను. ఆ రెండు చుక్కలు అక్కడే ఎందుకున్నాయో ఒక్కరోజూ అడగలేదు. అందంగా ఉండటానికి అనుకున్నాను. జీవితంలో మొదటిసారి గిటారు చూసిన మనిషికి గంటలో తట్టింది నాకు తట్టనందుకు సిగ్గేసింది. సిగ్గు వేసినప్పుడు మనిషి నేర్చుకోవాలి, నేను ఇంకా బిగుసుకుపోయాను.

జిగురు ఆరింది. కొత్త రంధ్రాలు వేసి, బ్రిడ్జి కూర్చోబెట్టబోయేముందు ఆయన ఆగాడు. బ్రిడ్జి కింద కప్పబడే చోట, చెక్కలో ఒక చిన్న బెజ్జం ఉంది. అందులోంచి నల్ల తీగ ఒకటి బయటికి వచ్చి ఉంది. కొస అంగుళం మేర తొడుగు లేకుండా, ఉత్త రాగి కనిపిస్తోంది.

"గీ తీగ ఎందుకు బిడ్డా?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. పొద్దున పాతది పీకేటప్పుడు ఆ తీగ ఎక్కడ ఆనుకొని ఉందో కూడా చూడలేదు. కానీ ఐదు వేల చుట్లన్న నోరు అది.

"ఏం లేదు కాకా, ఉత్తగనే ఉంటది. అవసరం లేదు."

"పాత బ్రిడ్జి ఏది? తెచ్చినవా?"

"ఇంట్లనే ఉంది. తుప్పు పట్టింది, దాంతోనేం పని?"

ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. ఇంకేదో అడగబోయి మానుకున్నాడు. కోసెయ్యమన్నాను. "ఎర్క లేనిదాన్ని కొయ్యద్దు, మూసి పెట్టాలె" అంటూ, మోటరు తీగలకు తొడిగే పసుపు రంగు స్లీవు ముక్క తీసి ఆ రాగి కొసకు తొడిగాడు. కొస మడిచి, చుక్క వార్నిష్ వేశాడు. మోటర్ల మనిషికి తొడుగు లేని తీగ ఇనుముకు తగలడమంటే చావుతో సమానం. బోరు దగ్గర మోటరు బాడీకి కరెంటొచ్చి పోయినవాళ్లను ఆయన కళ్లతో చూశాడు. ఎంతో జాగ్రత్తగా, ఒక ప్రాణం కాపాడుతున్నంత శ్రద్ధగా తొడిగాడు. దాని మీద బ్రిడ్జి బిగించి, ఆరు తీగలు ఎక్కించాం. శ్రుతి రాయిలా నిలబడింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. షెడ్డులో యాంప్లిఫయర్ లేదు, పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఆదివారం ధోతుల ఫంక్షన్, పిల్లవాడికి మొదటిసారి పంచె కట్టే వేడుక. రోడ్డు పక్క భూమి అమ్మిన కుటుంబం, ఒక్కడే మనుమడు. పట్టుపంచె కట్టిన పిల్లవాడిని గుర్రం మీద ఊరేగించి తెచ్చారు, మటన్ వాసన హాలు గేటు దాకా కొడుతోంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను గిటారు వైరు పెట్టగానే స్పీకర్లలోంచి గుయ్‌మని మోత లేచింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. తీగల మీద చేయి వేశాను, పోలేదు. వైరు మార్చాను, పోలేదు. భాస్కరన్న నవ్వు ముఖంతోనే నా దగ్గరికి వచ్చి, పళ్ల బిగువున, "ఏమైందే?" అన్నాడు.

"మోటర్ మెకానిక్‌తోని బ్రిడ్జి ఏపిచ్చిన అన్నా. ఆయన కరాబ్ చేసిండు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! భాస్కరన్న మిక్సర్ దగ్గర నా గిటారు గొంతు నొక్కేసి, కీబోర్డు అబ్బాయికి సైగ చేశాడు. నా చెవిలో, "కిందికి దిగకు, మంచిగుండదు. వేళ్లు ఆడిచ్చుకుంట నిలవడు" అన్నాడు. రెండు గంటలు నిలబడ్డాను. మాట రాని గిటారు మీద వేళ్లు కదిలిస్తూ, పాటకు తగ్గట్టు తల ఊపుతూ. నా గిటారు పలకాల్సిన చోటల్లా కీబోర్డు పలికింది. ఒక్కరికీ తేడా తెలియలేదు. అన్నం తినేటప్పుడు పిల్లవాడి తల్లి వచ్చి నా గడ్డం పట్టుకొని, "మస్తు కొట్టినవమ్మా గిటారు" అంది. ప్లేటు పక్కన పెట్టేశాను. తిట్టి ఉంటే తట్టుకునేదాన్నేమో. నేను లేకపోయినా ఏమీ తగ్గదని నాకూ తెలిసిపోయింది, భాస్కరన్నకూ తెలిసిపోయింది.

తెల్లారి గిటారు, చిన్న యాంప్లిఫయర్ మోసుకొని కాక షెడ్డుకు పోయాను. పోట్లాడటానికే పోయాను. ఆయన నా అరుపులు విని, ఒక్కటే అన్నాడు. "పెట్టు, ఇందాం." స్విచ్ వేయగానే మోత. ఆయన బల్ల ముందు గొంతుక్కూర్చొని కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఒక్కో ఇనుప భాగం వేలితో ముట్టుకుంటూ పోయాడు. తీగలు, బ్రిడ్జి, మరలు, దేనికీ మోత మారలేదు. వైరు దూర్చిన చోట ఇనుప కట్టు మీద వేలు పెట్టగానే మోత సగం పడిపోయింది. వేలు తీశాడు, మోత. పెట్టాడు, తగ్గింది. చిన్నపిల్లలు స్విచ్‌తో ఆడుకున్నట్టు పదిసార్లు చేశాడు. నా కొంప మునిగి నేనుంటే ఈయనకు ఆటగా ఉందని ఒళ్లు మండింది.

"గిదీ ఇనుమే, గదీ ఇనుమే. ఈడ అంటితె ఆగుతుంది, ఆడ అంటితె ఆగదు. ఎందుకు?" అన్నాడు. తనే జవాబిచ్చుకున్నాడు, "ఎర్క లేదు."

ఎంత తేలిగ్గా అన్నాడు! దప్పికైతే నీళ్లడిగినంత తేలిగ్గా. ఆ మాట అన్నాక ఆయన చిన్నబోలేదు సరికదా, ఇంకా హుషారయ్యాడు. "పాత బ్రిడ్జి తేపో" అన్నాడు. ఇంటికి పరుగెత్తి మంచం కింద వెతికి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని తిరగేసి వెలుతురులో పట్టుకున్నాడు. అడుగంతా తుప్పు. ఒక మూల మాత్రం సన్నగా ఒక గీత మెరుస్తోంది, సరిగ్గా తీగ మందంలో. దాన్ని గిటారు మీద పెడితే ఆ గీత నల్ల తీగ బెజ్జం మీదికే వచ్చింది.

"సూడు బిడ్డా. ఇన్నేండ్ల సంది తీగ ఈడ పండుకున్నది. తుప్పు కూడ రానియ్యలే" అన్నాడు. అంతలో ఆయన ముఖం మారింది. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఎర్తు! గిది ఎర్తు తీగ! మోటర్ కాడ పచ్చ తీగ చూసీ చూసీ, నల్లగుంటే పోల్చుకోలే. ఎర్తు ఇయ్యుర్రి, ఎర్తు ఇయ్యుర్రి అని దినాం రైతులతోని పంచాయితి పెట్టుకునేటోన్ని, నేనే ఎర్తుకు తొడుగు తొడిగిన!"

బ్రిడ్జి విప్పి, స్లీవు లాగేసి, ఉత్త రాగిని ఇనుముకు ఆనించి బిగించాడు. స్విచ్ వేశాం. మోత ఉంది. నన్ను చేయి పెట్టమన్నాడు. తీగల మీద అరచేయి ఆనించాను. నిశ్శబ్దం. షెడ్డు బయట సాగర్ బస్సు పోతున్న చప్పుడు వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. "రేడియో యేరియల్ పట్టుకుంటె మోత మారుతది సూడు. మనిషి గూడ యేరియలే. గాలిల ఉన్న కరెంటు మోతనంత మన ఒళ్లు గుంజుతది. తీగకు ఎర్తు ఉంటె, మన చెయ్యి అంటంగనె అంత కిందికి దిగిపోతది." అప్పుడు లేచి, ఆ పసుపు స్లీవు ముక్కను దారంతో కట్టి, గోడకు కొత్త మేకు కొట్టి తగిలించాడు.

అంతటితో ఊరుకోలేదు. చేతులు తుడుచుకొని, మోపెడ్ మీద నన్ను ఎక్కించుకొని భాస్కరన్న ఇంటికి పోయాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు. "తప్పు నాది. తీగకు తొడుగు తొడిగింది ఈ చెయ్యే. ఇప్పుడు సక్కగైంది. బిడ్డకు ఇంకొక్క మాట ఇయ్యి." నేను పక్కన నిలబడి ఉన్నాను. తీగ అవసరం లేదని చెప్పింది నేనే అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నేల చూశాను. భాస్కరన్న సరే, ఇంకొక్క ప్రోగ్రాం అన్నాడు. ఆ ఒక్క ప్రోగ్రాం తర్వాత ఇంకొకటి. అలా డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలన్నీ మూతబడేదాకా నా గిటారు నా మెడలోనే ఉంది.

మోత తీర్చిన ఆ పొద్దు నుంచే నాకు వస్తువుల లోపలి సంగతుల మీద పిచ్చి పట్టింది. ఖాళీ దొరికితే కాక షెడ్డులోనే ఉండేదాన్ని. సిటీ షాపుల్లో పారేసిన గిటార్లు తెచ్చి ఇద్దరం విప్పేవాళ్లం. చెడిపోయిన పికప్ ఒకటి, అదే తీగల కింది నల్లపెట్టె, విప్పి, చుట్లు లెక్కపెడుతూ తీశాం. ఐదు వేలు దాటి ఇంకా పోతూనే ఉంటే, ఆయన భుజాలు ఊగడం మొదలైంది. నేను ముఖం తిప్పుకున్నాను. అన్నీ చూస్తూనే ఉన్నా, ఆ గోడ వైపు మాత్రం చూసేదాన్ని కాదు. నా అబద్ధం ఆయన తప్పుల వరసలో పసుపుపచ్చగా వేలాడుతూ ఉండేది. కొత్తవాళ్లెవరైనా అదేంటని అడిగితే, "గిటార్ తప్పు" అని ఆయన చెప్తుంటే నేను లేచి బయటికి పోయేదాన్ని.

రోడ్డు వెడల్పు చేస్తామని షెడ్డు గోడకు గుర్తు పెట్టిన ఏడు, సామాను సర్దడానికి సాయం పోయాను. ఆయన మేకులు ఒక్కొక్కటే పీకుతూ, వస్తువుల్ని గోనెసంచిలో వేస్తున్నాడు. స్లీవు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. ఇంక ఆగలేకపోయాను.

"కాకా, అది నీ తప్పు కాదు. ఆ తీగ ఎందుకని నువ్వడిగితే, అవసరం లేదన్న. నాకు ఎర్క లేకుండనే చెప్పిన. భాస్కరన్న ముంగట నా తప్పు నువ్వు మీదేసుకున్నవ్, నేను సప్పుడు చెయ్యలే."

ఆయన ఆశ్చర్యపోలేదు. స్లీవును వేళ్ల మధ్య తిప్పుతూ, "అవ్, ఎర్కే" అన్నాడు. "నువ్వు చెప్పేటప్పుడే నీ మొకం చూస్తె సమజైంది, నీకు ఎర్క లేదని."

"మరి ఇన్నేండ్లు నా తప్పు నీ గోడకు ఎందుకు పెట్టుకున్నవే?"

"నీ తప్పు నేనెందుకు పెట్టుకుంట? గిది నాదే. నీకు ఎర్క లేదని సమజైనంక గూడ రెండోసారి అడగకపోతిని. ఆడపిల్ల, చిన్నబోతదేమో అని ఊకున్న. అడిగితె నువ్వు చెప్పెటిదానివి. గది నేను చేసిన తప్పు, నా మేకుకు నేను తగిలిచ్చుకున్న." గోనెసంచిలో చెయ్యి పెట్టి వెతికి, తుప్పు పట్టిన పాత బ్రిడ్జి తీసి నా చేతిలో పెట్టాడు. ఇన్నాళ్లు దాచాడని నాకు తెలియనే తెలియదు. "నీది గిది. తీస్కపోయి నీ గోడకు కొట్టుకో."

నాకు అప్పటికి సొంత గోడ లేదు. ఆ తర్వాత రెండేళ్లకు హయత్‌నగర్‌లో ఈ గది అద్దెకు తీసుకున్న రోజు, బోర్డు కన్నా ముందు మేకు కొట్టాను. కాక వచ్చి చూసి, భుజాలు ఊపుతూ నవ్విపోయాడు. ఇప్పుడాయన లేడు. ఆ మేకు పక్కన చాలా మేకులు చేరాయి, కొన్ని చూస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కొత్తవాళ్లు వాటి ధర అడుగుతూనే ఉంటారు.

నిన్న బొంగులూరు నుంచి వచ్చినాయన గిటారుకు కూడా కొత్త బ్రిడ్జే బిగించి ఉంది, సొంతంగా బిగించుకున్నాడట. పాతది ఏదని అడిగాను. పారేశానన్నాడు. దాని కింద తీగ ఏదైనా ఉండిందా అన్నాను.

"ఆఁ, ఒక తీగ ఉండె. అది అవసరం లేదు మేడం, లోపలికి నూకేసిన" అన్నాడు, చాలా గట్టిగా.

ఆ గట్టితనం నాకు బాగా తెలుసు. సరేనని స్క్రూడ్రైవర్ అందుకుంటే పని ఐదు నిమిషాల్లో అయిపోయేది. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఆయనకు స్టూలు జరిపాను.

"ఆ తీగ ఎందుకు ఉంటదో నీకు ఎర్కేనా?" అని రెండోసారి అడిగాను.

ఆయన నా వైపు చూశాడు, గిటారు వైపు చూశాడు, గోడ మీది తుప్పు బ్రిడ్జి వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అసల్కి నాకు ఎర్క లేదు మేడం" అని నవ్వేశాడు. ఇద్దరం బ్రిడ్జి విప్పడం మొదలుపెట్టాం.